బండి నడిచినంత మాత్రాన ఇంధనం కాదు

డీజిల్ ఇంజిన్ పనితీరు సూటిగా ఉంటుంది. సిలిండర్‌లోకి పీల్చుకున్న గాలిని పిస్టన్ పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి వందల డిగ్రీల వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ గుండా నూనె చిమ్మితే నిప్పురవ్వతో పని లేకుండా అదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌కు ఉండే స్పార్క్ ప్లగ్గు దీనికి ఉండదు. అందుకే మండే నూనె ఏది దొరికినా డీజిల్ ఇంజిన్ చాలామటుకు కాదనదు. వేరుశనగ నూనె, పామాయిలు, కానుగ నూనె, మిర్చిబజ్జీల బాణలిలో నల్లబడి మిగిలిన నూనె, కిరోసిన్, పాత టైర్లను కాచి తీసిన నూనె, వీటిలో ఏది పోసినా పాత ట్రాక్టరు స్టార్టవుతుంది, దుక్కి దున్నుతుంది, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. డీజిల్ ధర లీటరు వంద రూపాయల దరిదాపుల్లో ఆడుతున్న రోజుల్లో అంతకంటే చవకైన నూనెతో బండి నడిచిందని ఒకరు చెబితే పదిమంది వింటారు. వినడంలో తప్పులేదు. కానీ ఒక ఇంధనం మంచిదని చెప్పడానికి మన ముందుకొచ్చే సాక్ష్యాల్లో ‘బండి నడిచింది’ అన్నదే అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం. డీజిల్ ఇంజిన్‌లో చెడు ఇంధనం చేసే నష్టం మొదటి రోజు కనిపించదు. నెలల తరవాత కనిపిస్తుంది. అప్పటికి ఆ నూనె అమ్మినవాడి డబ్బు వాడికి చేరిపోయి ఉంటుంది. రిపేరు బిల్లు కట్టాల్సినవాడు, పొగ పీల్చాల్సినవాడు వేరేవాళ్లు.

ఈ ‘నడిచింది’ అన్న మాటకు నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. 1900 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపింది. ఆఫ్రికాలో తమ ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లో వేరుశనగ విరివిగా పండుతుంది కాబట్టి అక్కడి యంత్రాలకు అక్కడి పంటే ఇంధనమైతే బాగుంటుందని ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచన. ఇంజిన్ ఎంత సాఫీగా నడిచిందంటే, అందులో పోసింది వేరుశనగ నూనె అన్న సంగతి చూసినవాళ్లలో కొద్దిమందికే తెలిసిందని రుడాల్ఫ్ డీజిల్ తరవాతి రోజుల్లో రాశాడు. డీజిల్ ఇంజిన్ పుట్టిందే వేరుశనగ నూనె కోసమని, ఆ తరవాత చమురు కంపెనీలు దాన్ని తమవైపు తిప్పుకున్నాయని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆ ఇంజిన్ ఖనిజ నూనె కోసం కట్టిందని, మార్పులేవీ చేయకుండానే వేరుశనగ నూనె పోశారని డీజిలే స్పష్టంగా చెప్పాడు. పైగా ప్రదర్శన అంటే ప్రదర్శనే. ఆ ఇంజిన్‌ను అదే నూనెతో ఒక ఏడాదిపాటు బరువులు లాగించి, ఆపై విప్పి చూస్తే ఏం కనిపించేదో పారిస్ సందర్శకులకు తెలిసే అవకాశమే లేదు.

లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. డీజిల్ కంటే వంటనూనె సుమారు పదిరెట్లు చిక్కన. చేతిలో పోసుకుంటే ఆ తేడా పెద్దదిగా అనిపించకపోవచ్చు. నాజిల్ దగ్గర మాత్రం అదే ప్రాణాంతకం. నాజిల్ మొనలో ఉండే రంధ్రాలు మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. పలచని డీజిల్ వాటిలోంచి పొగమంచులా విడిపోయి వస్తుంది. ప్రతి తుంపరా గాలిని తాకి పూర్తిగా మండిపోతుంది. చిక్కని నూనె అలా విడిపోదు, పెద్ద బొట్లుగా, సన్నని ధారగా వస్తుంది. ఆ ధార ఎదురుగా ఉన్న పిస్టన్ తలకో సిలిండర్ గోడకో కొట్టుకుంటుంది. మండగా మిగిలింది అక్కడే మాడుతుంది. ముడి నూనెతో కొన్ని వందల గంటలు నడిచిన ఇంజిన్‌లోంచి ఇంజెక్టరు బయటికి తీస్తే, ఒక్కో రంధ్రం చుట్టూ గట్టి నల్లటి మసి బాకా ఆకారంలో పేరుకుని కనిపిస్తుంది. ఆ బాకా చిమ్మే దిశను ఇంకాస్త వంకర తిప్పుతుంది, దాంతో ఇంకాస్త నూనె మండకుండా మిగులుతుంది. అలా మిగిలిన నూనె రింగుల గాళ్లలోకి చేరి బంకలా గట్టిపడుతుంది. రింగులు పట్టేస్తాయి. పట్టేసిన రింగుల పక్కనుంచి నూనె జారి కిందనున్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. వేడికీ గాలికీ తగిలిన వంటనూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి. అవిసెనూనె రంగుల్లో ఆరి పొరకట్టేది ఈ గుణంవల్లే. చివరికి ఇంజిన్ ఆయిల్ జిగురై, మడ్డిగా మారి, అందాల్సిన చోటికి అందదు. బేరింగులు అరిగిపోయి ఇంజిన్ దించాల్సి వచ్చిన రోజున, ఆర్నెల్ల కిందట పోసిన నూనె ఎవరికీ గుర్తుండదు. ‘పాత బండి కదా, పోయింది’ అంటారు.

ఇది ఊహ కాదు. 1970ల చమురు సంక్షోభాల తరవాత అమెరికా, దక్షిణాఫ్రికా వంటి దేశాల్లో పొద్దుతిరుగుడు, సోయా, రేప్‌సీడ్ నూనెలతో ట్రాక్టర్లను నడిపి విస్తారంగా పరీక్షించారు. 1982 ఆగస్టులో అమెరికాలోని ఫార్గో పట్టణంలో వ్యవసాయ ఇంజినీర్లు ప్రత్యేకంగా ఈ విషయం మీదే సదస్సు జరిపారు. ఆ దశాబ్దపు పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలినది ఒకటే: కొద్ది గంటల పరీక్షలో ముడి నూనె డీజిల్‌కు దాదాపు సాటి, శక్తిలో పెద్ద తేడా లేదు, దీర్ఘకాల పరీక్షలో నాజిళ్లకు మసి, పట్టేసిన రింగులు, గడ్డకట్టిన ఇంజిన్ ఆయిల్. అందుకే ఇంజిన్ తయారీదారులు కొత్త ఇంధనాన్ని కనీసం రెండు వందల గంటలు నడిపి, విప్పి, కొలిచి చూడాలనే పద్ధతి పెట్టుకున్నారు. ఊళ్లో ఒకరు ‘నెల్రోజులు పోశాను, ఏమీ కాలేదు’ అంటే ఆయన అబద్ధం చెబుతున్నట్టు కాదు. పరీక్షలో ఏ భాగం ఎప్పుడూ బాగానే వస్తుందో ఆ భాగాన్ని మాత్రమే ఆయన చూశాడు.

దీనికి చదువుకున్నవాళ్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది: జర్మనీలో రైతులు ముడి రేప్‌సీడ్ నూనెతో ట్రాక్టర్లు నడపలేదా? నడిపారు. అక్కడి ప్రభుత్వం సుమారు నూరు ట్రాక్టర్లను ఇందుకోసం మార్పించి, 2000ల తొలి ఏళ్లలో పొలాల్లో నడిపించి, విశ్వవిద్యాలయంచేత లెక్కలు రాయించింది. చాలా ట్రాక్టర్లు పెద్ద ఇబ్బంది లేకుండా గట్టెక్కాయి. కొన్నిటికి పంపులు పోయాయి, ఇంజిన్లు దెబ్బతిన్నాయి. కారణాల్లో నూనె నాణ్యత ఒకటి. వాళ్లు చేసిన ఏర్పాట్లు చూడండి. నూనెను వేడిచేసే పరికరం, చల్లని ఇంజిన్‌ను డీజిల్‌తోనే స్టార్ట్ చేసి ఆపేముందు మళ్లీ డీజిల్‌కు మార్చే రెండో ట్యాంకు, తరచుగా ఇంజిన్ ఆయిల్ మార్పు, పైగా ముడి నూనెకు సైతం ఒక జాతీయ ప్రమాణం. అంటే జర్మనీ ఉదాహరణ చూపేది ముడి నూనె పోసుకోవచ్చని కాదు. బండిని ఆ నూనెకు, నూనెను ఆ బండికి అనుగుణంగా మలిచి, పక్కన ఒక మనిషి కాపలా ఉంటే కొంతమేర సాగుతుందని. మన దగ్గర చవక నూనె పోసేవారెవరూ ఈ ఖర్చు లెక్కలోకి తీసుకోరు, తీసుకుంటే అది చవక కాదు.

మన నేల మీదే ఇంతకంటే ఆలోచింపజేసే ఉదాహరణ ఉంది. ఆనాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు నాటి, గింజల నుంచి నూనె తీసే యంత్రం పెట్టుకున్నాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. అదే జిల్లాలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి గూడేలకు కరెంటు ఇచ్చే ప్రయత్నాలూ జరిగాయి. ఇవి గౌరవించాల్సిన ప్రయత్నాలు. కానీ ఒకచోట కదలకుండా నిలిచి, ఒకే వేగంతో, ఒకే బరువుతో, వేడిగా తిరిగే జనరేటరు వేరు. గేర్లు మారుస్తూ, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, చల్లారుతూ మళ్లీ స్టార్టవుతూ తిరిగే ఆటో ట్రాలీ వేరు. మొదటిదానికి నూనె మందం పెద్ద అడ్డు కాదు. నాజిల్ మూసుకుపోతే అరగంటలో విప్పి శుభ్రం చేసుకోవచ్చు, ఆ జ్ఞానం గూడెంలోనే ఉంటుంది. కానుగ నూనె మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఏ యంత్రంలో, ఏ పనికి, ఎవరి పర్యవేక్షణలో అన్నది తేలాకే జవాబు.

ముడి నూనెకున్న మందం అనే దోషాన్ని పోగొట్టడానికే బయోడీజిల్ పుట్టింది. నూనెకు మిథనాల్ కలిపి, కాస్టిక్ సోడా వంటి క్షారాన్ని ప్రేరకంగా వేస్తే, నూనె అణువు విడిపోతుంది. గ్లిజరిన్ అడుక్కు దిగుతుంది. పైన తేలేది డీజిల్‌కు దగ్గరగా పలచబడిన ద్రవం. 1937లో బెల్జియంలో శవాన్ అనే రసాయనవేత్త ఇలాంటి పద్ధతికి పేటెంటు పొందాడు, మరుసటి ఏడాది బ్రసెల్స్, లువెన్ పట్టణాల మధ్య తిరిగే ఒక బస్సును పామాయిలు నుంచి తీసిన ఇలాంటి ఇంధనంతో నడిపారు. ఈ రసాయన చర్య వినడానికి వంటింటి పనిలా ఉంటుంది, కానీ దాని కష్టమంతా చివరి రెండు శాతంలో ఉంది. వాడేసిన నూనెలో, నిల్వ ఉన్న కానుగ నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. వాటిని ముందుగా వేరే చర్యతో తొలగించకపోతే అవి క్షారంతో కలిసి సబ్బవుతాయి. సరిగా కడగకపోతే సోడియం, పొటాషియం మిగులుతాయి. చర్య పూర్తికాకపోతే సగం మారిన కొవ్వులు మిగులుతాయి. మిథనాల్ పూర్తిగా తొలగకపోతే అది రబ్బరును, లోహాన్ని తినడమే కాక, సులువుగా అంటుకోని సురక్షితమైన ఇంధనాన్ని సులువుగా అంటుకునేదిగా మార్చేస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 15607 ఇవన్నీ ఎంతెంతకు మించకూడదో రాసి పెట్టింది. ఆ పరీక్షలకు ఖరీదైన పరికరాలు కావాలి. కంటికి మాత్రం మంచి బయోడీజిల్, చెడ్డ బయోడీజిల్ ఒకే బంగారు రంగులో కనిపిస్తాయి.

ఇంట్లోనే తయారు చేసుకుందామనే ఉత్సాహం గురించి ఒక్క హెచ్చరిక చాలు. మిథనాల్ విషం. కొద్ది మోతాదు కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణం పోతుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు కాబట్టి అంటుకున్నదని తెలిసేలోపే ఒళ్లు కాలుతుంది. ఇది పెరట్లో డ్రమ్ము పెట్టుకుని చేసే పని కాదు.

పద్ధతిగా తయారైన బయోడీజిల్ కూడా డీజిల్‌కు ప్రతిరూపం కాదు. అది డీజిల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తేమను పట్టుకుంటుంది. ఆ తేమలో సూక్ష్మజీవులు పెరిగి, ట్యాంకు అడుగున జారుడు పొరగా పేరుకుంటాయి. పాత బండ్లలోని మామూలు రబ్బరు పైపులు, సీళ్లు దానికి ఉబ్బి మెత్తబడతాయి. రాగి, ఇత్తడి దానిని త్వరగా పాడుచేస్తాయి, అదీ వాటిని తింటుంది. ఏళ్లుగా ట్యాంకులో పేరుకున్న మురికిని కరిగించి లాక్కొచ్చి ఫిల్టరులో పోస్తుంది. అందుకే తొలి కొన్ని ట్యాంకుల్లో ఫిల్టర్లు తరచూ మూసుకుపోతాయి. డీజిల్‌లా ఏడాది పొడుగునా నిల్వ ఉండదు. మన వేసవి ఎండల్లో షెడ్డులో పెట్టిన డ్రమ్ములో అది ఇంకా త్వరగా పులిసి ఆమ్లమవుతుంది. చలికాలంలో తిప్పలు మరోరకం. పామాయిలు నుంచి చేసిన బయోడీజిల్ పదిహేను డిగ్రీల ప్రాంతంలోనే మబ్బుపట్టి, అందులో మైనపు పలుకులు తేలడం మొదలవుతుంది. ఆదిలాబాద్‌లోనో అరకులోనో డిసెంబరు తెల్లవారుజామున ఆ బండి స్టార్టవడం అదృష్టం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2005 సెప్టెంబరు చివరలో డీజిల్‌లో 2 శాతం బయోడీజిల్ తప్పనిసరి చేసింది. డిసెంబరు నాటికి లారీల ఫిల్టర్లు మూసుకుపోతున్నాయని ఫిర్యాదులు వెల్లువెత్తి, ప్రమాణానికి సరిపడని సరుకు మార్కెట్లోకి వచ్చిందని తేలి, ఆ నిబంధనను కొంతకాలం పక్కన పెట్టాల్సి వచ్చింది. చట్టం, ప్రయోగశాలలు, పెద్ద కంపెనీలు ఉన్నచోట, నూటికి రెండు పాళ్లకే వచ్చిన చిక్కు అది.

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్ 6 కాలుష్య ప్రమాణపు బండ్ల విషయంలో లెక్క పూర్తిగా మారిపోయింది. వీటిలో ఇంధనాన్ని వాతావరణ పీడనానికి పదహారు వందల నుంచి రెండు వేల రెట్లు ఒత్తిడితో చిమ్ముతారు. ఇంజెక్టరు లోపలి సూదికీ దాని గోడకూ మధ్య ఎడం రెండు మూడు మైక్రాన్లు. ఆ ఎడంలో జరిగే రాపిడికి ఇంధనమే కందెన, వేరే ఆయిల్ ఉండదు. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ కంప్యూటరు కాస్త ఆలస్యంగా అదనపు ఇంధనాన్ని చిమ్మి, ఆ వేడితో మసిని కాల్చేస్తుంది. అలా ఆలస్యంగా చిమ్మిన ఇంధనంలో కొంత సిలిండర్ గోడ మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది. డీజిల్ అయితే ఆయిల్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. నూనెల నుంచి వచ్చిన ఇంధనం మరిగే స్థానం ఎక్కువ గనుక అది అక్కడే ఉండిపోతుంది. మామూలుగా ఇంజిన్ ఆయిల్ రోజులు గడిచేకొద్దీ తగ్గాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పెరిగిందంటే అది లాభం కాదు, ఆపద. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని మండించడం మొదలుపెట్టవచ్చు, అప్పుడు తాళం తీసినా ఇంజిన్ ఆగదు. ఇక చెడ్డ బయోడీజిల్‌లోని సోడియం, పొటాషియం, ముడి నూనెలోని ఫాస్ఫరస్ కాలి బూడిదవుతాయి. మసి కాలిపోతుంది కానీ బూడిద కాలదు. అది ఫిల్టరును శాశ్వతంగా నింపుతుంది, ఆ పక్కనున్న ఉత్ప్రేరకాన్ని చంపుతుంది. పాత ట్రాక్టరులో రింగులు మార్చుకుని బయటపడే పొరపాటు, కొత్త బండిలో ఇంజెక్టర్లు, పంపు, పొగ వ్యవస్థ మొత్తాన్ని మింగుతుంది.

బయోడీజిల్‌తో పోల్చితే కిరోసిన్, టైరు నూనెల సంగతి ఇంకా దారుణం. కిరోసిన్ పలచన, జారుడుదనం తక్కువ. డీజిల్‌లో దాన్ని కలిపితే పంపు లోపలి లోహం లోహంతో రాసుకుంటుంది. పాత టైర్లను గాలి తగలకుండా కాచి తీసే నూనెలో గంధకం సుమారు ఒక శాతం దాకా ఉంటుంది. బీఎస్ 6 డీజిల్‌లో ఉండదగ్గది పది లక్షల పాళ్లకు పది పాళ్లు మాత్రమే. వెయ్యి రెట్లు! బట్టీలకు, కొలుములకు అమ్మాల్సిన ఆ నూనెను రంగు తీసి డీజిల్‌లో కలిపితే, బండి నడుస్తూనే ఉంటుంది, దాని వెనక వచ్చే మోటారుసైకిలు మీది మనిషి ఊపిరితిత్తులు దానికి మూల్యం కడతాయి. కల్తీ వెనక ఎంత డబ్బు ఉందో తెలియాలంటే రెండు హత్యలు గుర్తుచేసుకోవాలి. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లాలో, కల్తీ బంకుపై చర్య తీసుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను కాల్చి చంపారు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర, కిరోసిన్ కల్తీని పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనవణేను సజీవంగా తగలబెట్టారు. ఇద్దరూ ప్రజల ఇంజిన్లను, ప్రజల ఊపిరిని కాపాడే పనిలో ఉండగా చనిపోయినవాళ్లు.

కల్తీకి ఇటీవల దొరికిన మంచి ముసుగు ‘బయోడీజిల్’ అనే బోర్డు. ఇందులో ప్రభుత్వాల తొందరపాటు పాత్ర ఉంది. 2003లో ప్రణాళికా సంఘం జత్రోఫాను, అంటే మన అడవి ఆముదాన్ని, బీడు భూముల్లో నాటించి 2011-12 నాటికి డీజిల్‌లో ఇరవై శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. నీళ్లు లేని బీడులో ఆ మొక్క బతికింది గాని కాయలు కాయలేదు, రైతులు పీకేశారు. 2009 విధానం 2017కి గడువు జరిపింది, 2018 విధానం 2030కి ఐదు శాతం చాలంది. ఇన్నేళ్ల తరవాత కూడా వాస్తవంగా కలుస్తున్నది ఒక శాతం లోపే. కాకినాడ లాంటిచోట్ల పెద్ద కర్మాగారాలు వెలసినా వాటికి సరిపడా నూనె దొరకడమే కష్టం. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో ఇంధనానికి మిగిలే నూనె ఎంత ఉంటుంది? పేరుకు గిరాకీ, సరుకుకు కొరత ఏర్పడినచోట నకిలీ పుడుతుంది. గుజరాత్‌లో 2020, 2021 సంవత్సరాల్లో బయోడీజిల్ పేరిట పరిశ్రమలకు వాడే నూనెలను లారీలకు పోస్తున్న అనుమతి లేని పంపుల మీద పోలీసులు పెద్ద ఎత్తున దాడులు చేయాల్సి వచ్చింది. అక్కడ లారీ యజమానులు కొన్నది ప్రత్యామ్నాయ ఇంధనం కాదు, మంచి పేరు తగిలించిన మరో కల్తీ.

‘ఇన్ని చెప్పినా, లీటరుకు పది రూపాయలు మిగిలితే పేదరైతుకు అదే పదివేలు కదా’ అనే వాదన న్యాయంగానే వినిపిస్తుంది. దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. బయోడీజిల్ లీటరులో ఉండే శక్తి డీజిల్ లీటరు కంటే సుమారు ఎనిమిది శాతం తక్కువ. డీజిల్ 95 రూపాయలు అనుకుంటే, 87 రూపాయల బయోడీజిల్ దానికి సమానం. 85కి కొన్నవాడికి కనిపించే లాభం పది రూపాయలు, చేతికొచ్చేది రెండు. మంచి సరుకు విషయంలోనే ఇంత. కోతల కాలంలో హార్వెస్టరు రెండు రోజులు ఆగిపోతే పోయే అద్దె, వాన పడితే పోయే ధాన్యం ఈ రెండు రూపాయల్లో ఎక్కడ రాయాలి? వారంటీ సంగతి సరేసరి. తయారీదారు మాన్యువల్‌లో రాసిన శాతానికి మించి కలిపినట్టు తేలితే పంపు, ఇంజెక్టర్ల ఖర్చు యజమానిదే. పైగా రెండో ట్యాంకు, హీటరు లాంటి మార్పులు ఆర్‌సీలో నమోదు చేయించకుండా చేస్తే మోటారు వాహనాల చట్టం కింద తప్పు, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీకి దొరికే సాకు.

పర్యావరణం మాటేమిటి అని అడిగేవారి ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం, ఎందుకంటే అందులో నిజముంది. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో చేసిన సమీక్ష ప్రకారం ఇరవై శాతం బయోడీజిల్ కలిపితే అప్పటి ఇంజిన్లలో నుసి సుమారు పది శాతం, కార్బన్ మోనాక్సైడ్ పదకొండు శాతం తగ్గాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు రెండు శాతం పెరిగాయి. నికరంగా మేలే. అయితే ఆ మేలు ప్రమాణానికి సరిపడే బయోడీజిల్‌ది, చికెన్ పకోడీ బండి నుంచి నేరుగా ట్యాంకులోకి వచ్చిన నూనెది కాదు. వాడేసిన వంటనూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకాన్ని మన దేశ ఆహార భద్రత సంస్థ 2018లో మొదలుపెట్టింది. కాగిన నూనె మళ్లీ మన పళ్లెంలోకి రాకుండా ఆపుతుంది కాబట్టి అది బలపడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అంతకంటే మెరుగైన దారి, అదే నూనెను హైడ్రోజన్‌తో శుద్ధి చేసి అచ్చం డీజిల్ లాంటి హైడ్రోకార్బన్‌గా మార్చడం. దానికి తేమ పట్టే గుణం లేదు, ఆమ్లమయ్యే బాధ లేదు. కానీ ఖర్చు, శుద్ధి కర్మాగారం స్థాయి యంత్రాలు కావాలి. ఇథనాల్‌ను డీజిల్‌లో కలపడం మాత్రం ఆ స్థాయి ఆశ కూడా ఇవ్వదు. అది డీజిల్‌లో సరిగా కలవదు, కలిస్తే ట్యాంకు పెట్రోలు ట్యాంకులా సులువుగా నిప్పు అందుకునేదవుతుంది. ఆ ప్రయోగం ఫలించలేదని, బదులుగా ఐసోబ్యుటనాల్‌ను పరీక్షిస్తున్నామని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2025లో ప్రకటించారు. ఫలించని ప్రయోగాన్ని ప్రయోగంగానే ముగించి బంకుల దాకా రానివ్వకపోవడం మంచి పని.

బంకు దగ్గర కొనే డీజిల్‌లో ఏడు శాతం దాకా బయోడీజిల్ కలవడానికి భారత ప్రమాణం ఇప్పటికే అనుమతిస్తుంది, దానివల్ల భయపడాల్సింది లేదు. అంత కొద్దిపాటి బయోడీజిల్ నిజానికి పంపుకు మేలు చేస్తుంది. గంధకం తీసేయడంతో డీజిల్ కోల్పోయిన జారుడుదనాన్ని కొంత తిరిగి ఇస్తుంది. భయం ఎక్కడంటే, ఏ ప్రమాణం పేరూ చెప్పని డ్రమ్ము దగ్గర. నూరు శాతం బయోడీజిల్ అమ్మేవారికి 2019లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వారి సరుకు ఐఎస్ 15607కు సరిపోవాలి. కొనేవాడు ఆ బ్యాచి పరీక్ష పత్రం చూపమని అడగాలి, బిల్లు తీసుకోవాలి, తన బండి మాన్యువల్‌లో ఎంత శాతం అని రాసి ఉందో చూడాలి. కానీ భారమంతా కొనేవాడి మీదే వేయడం అన్యాయం. కంటికి తెలియని కల్తీని ఒక ఆటో డ్రైవరు ఎలా పట్టగలడు? పౌరసరఫరాల శాఖ తనిఖీలు బోర్డులున్న బంకులకే కాక రహదారి పక్క డ్రమ్ములకూ, టైరు నూనె తీసే యూనిట్ల అమ్మకాల పుస్తకాలకూ చేరాలి. అనుమానం వచ్చిన నూనెను సీసాలో పట్టుకెళ్తే కొద్దిపాటి రుసుముతో, నాలుగు రోజుల్లో, కాగితం మీద జవాబిచ్చే ప్రయోగశాల ప్రతి జిల్లాలో ఒకటి ఉండాలి. పాలలో వెన్న శాతం కొలిచే యంత్రాన్ని ఊరూరా పెట్టుకోగలిగిన రాష్ట్రాలకు ఇది మోయలేని ఖర్చు కాదు.